ఆల్ఫ్రెడో పాస్తా ఇంట్లో ఎందుకు కుదరడం లేదు? పాన్ స్టేషన్‌లో పనిచేసినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఆలివ్ గార్డెన్ అనే అమెరికా రెస్టారెంట్ చైన్‌లో దొరికే ఫెట్టుచీని ఆల్ఫ్రెడో (వెడల్పు పట్టీల్లాంటి పాస్తాకి క్రీమ్, చీజ్ సాస్ పట్టించిన వంటకం) అంటే మీ ఇంటిల్లిపాదికీ ప్రాణం. అదే ఇంట్లో చేస్తే చీజ్ ఉండలు కట్టి పాన్ అడుగున బంకలా అంటుకుంటోంది. ఉండలు కట్టని రోజున, సాస్‌లో ఉప్పు సరిగానే వేసినా రుచి చప్పగా ఉంటోంది. పోనీ అక్కడి నుంచే ప్యాక్ చేయించుకుని తెచ్చుకుంటే ఇంటికొచ్చేసరికి ముద్దగా మారిపోతోంది. వాళ్లు ఏదైనా పొడి కలుపుతారా అని అడిగారు.

పొడీ లేదు, రహస్యమూ లేదు. ఆ సాస్‌లో పడేవి బటర్, క్రీమ్, పర్మేసన్ చీజ్, వెల్లుల్లి. ఈ సంగతి వాళ్ల మెనూలోనే ఉంటుంది, రోజూ వంటగదిలోనే తయారుచేస్తామని కూడా చెప్పుకుంటారు. మీకు తేడా వస్తున్నది మూడు చోట్ల: ఎలాంటి చీజ్ వేస్తున్నారు, అది పడేటప్పుడు పాన్ ఎంత వేడిగా ఉంది, పాస్తా ఉడికించే నీళ్లలో ఉప్పు ఎంత వేస్తున్నారు. ఈ మూడూ సరిచేసుకుంటే అదే రుచి ఇంట్లో వస్తుంది. ఇంకాస్త బాగానే రావచ్చు కూడా, ఎందుకంటే మీ ఇంట్లో పొయ్యికీ కంచానికీ మధ్య దూరం నాలుగడుగులే.

నేను ఆ సంస్థలో పనిచేయలేదు. అదే కోవకు చెందిన మరో చైన్‌లో కొన్నేళ్లు పాన్ స్టేషన్ మీద, అంటే పాస్తా, సాస్ పాన్‌లో కలిపే పొయ్యి దగ్గర నిలబడ్డాను, తర్వాత కొత్తగా చేరే వంటవాళ్లకు శిక్షణ ఇచ్చే పనిలోకి మారాను. కాబట్టి కింద రాసేదంతా పొయ్యి దగ్గర చూసింది.

ముందు చీజ్ సంగతి. ఉండలు కడుతోందని ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది ఒక్కటే: తురిమిన చీజ్ కొన్నారా, గడ్డగా కొన్నారా? తురిమి సంచుల్లో అమ్మే చీజ్ పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా సెల్యులోజ్ పొడో, ఏదో ఒక స్టార్చో చల్లుతారు. తినడానికి హాని లేదు. కానీ చీజ్ పోగు పైన ఆ పొడి పొర ఉండటం వల్ల అది సాస్‌లో సాఫీగా కలవదు, నాలుకకు ఇసుకలా తగులుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకుండా అల్మారాలో నెలల తరబడి నిలవ ఉండే డబ్బా పొడి అయితే ఇక చెప్పనక్కర్లేదు, పాస్తా మీద చల్లుకోవడానికి తప్ప సాస్‌కి పనికిరాదు. గడ్డ కొనండి. వంటకి ఓ అరగంట ముందు ఫ్రిజ్ నుంచి బయటపెట్టండి. తురుముపీటలో అన్నిటికంటే సన్న రంధ్రాలున్న వైపు తురమండి. ఊదితే ఎగిరిపోయేంత సన్నగా ఉండాలి. ముతక తురుము కరగడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఆ సమయంలోనే మీరు సెగ పెంచుతారు, అక్కడితో పని చెడుతుంది.

పర్మేసన్ అనే పేరు మీద కూడా చాలా రకాలున్నాయి. ఇటలీలో పార్మా, రెజ్జో ఎమిలియా చుట్టుపక్కల చేసే అసలు పర్మిజానో రెజ్జానోలో పాలు, ఉప్పు, రెన్నెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం) తప్ప ఇంకేమీ ఉండవు. కనీసం 12 నెలలు మాగాలి. అమెరికాలో పర్మేసన్ పేరుతో అమ్మడానికి అక్కడి నిబంధన ప్రకారం 10 నెలలు మాగితే చాలు. యూరప్‌లోనైతే ఆ పేరు అసలు చీజ్‌కి తప్ప వాడకూడదు. చైన్ రెస్టారెంట్లు వాడేది సాధారణంగా అమెరికన్ పర్మేసన్, కొన్నిచోట్ల దానికి రొమానో అనే మరో గట్టి చీజ్ కలుపుతారు. రొమానో ఉప్పగా, ఘాటుగా ఉంటుంది. మీ నాలుకకు గుర్తున్న ఆ చిన్న చురుకు దానిదే అనిపిస్తే, తురుములో నాలుగో వంతు రొమానో కలిపి చూడండి. మొజరెల్లా మాత్రం వద్దు. అది సాగుతుంది, కలవదు. పిజ్జా మీద సాగడం అందం, ఇక్కడ అదే దోషం.

శాకాహారులు ఒక విషయం గమనించాలి. అసలు పర్మిజానో రెజ్జానోలో వాడే రెన్నెట్ దూడ కడుపు నుంచి తీసినదే, దానికి మినహాయింపు లేదు. మిగతా పర్మేసన్ రకాల్లో మైక్రోబియల్ రెన్నెట్‌తో, అంటే సూక్ష్మజీవుల నుంచి తీసినదానితో చేసినవి దొరుకుతాయి, చీటీ మీద చూసి కొనండి. రెస్టారెంట్‌లో తినేటప్పుడు పట్టింపు ఉంటే అడగక తప్పదు. మెనూలో మాంసం లేదని రాసి ఉన్నంత మాత్రాన ఈ లెక్క అందులో చేరదు.

ఇక సెగ. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చీజ్‌లో కేసిన్ అనే ప్రోటీన్ వల అల్లుకుని ఉంటుంది, ఆ వలలో కొవ్వూ నీరూ చిక్కుకుని ఉంటాయి. మెల్లగా వేడి చేస్తే వల వదులై కొవ్వు, నీరు సాస్‌లో సమంగా కలుస్తాయి. సాస్ తుకతుక ఉడుకుతుండగా చీజ్ వేశారనుకోండి, ప్రోటీన్ ఒక్కసారిగా బిగుసుకుని ముద్దవుతుంది, లోపలున్న కొవ్వునీ నీటినీ బయటికి పిండేస్తుంది. పాలు విరిగినప్పుడు ఏం జరుగుతుందో దాదాపు అదే. అప్పుడు పాన్‌లో మూడు వేర్వేరు పదార్థాలు మిగులుతాయి: అడుగున బంక, మధ్యలో పలుచని నీళ్లు, పైన తేలే నూనె. ఆ దశకు చేరాక గరిటెతో ఎంత తిప్పినా ప్రయోజనం తక్కువ.

కాబట్టి సూత్రం ఇది: క్రీమ్ ఉడకాలి, చీజ్ ఉడకకూడదు. క్రీమ్ బటర్‌తో కలిసి సన్న సెగ మీద చిక్కబడ్డాక పొయ్యి కట్టేయండి. బుడగలు పూర్తిగా ఆగేదాకా చూడండి, అర నిమిషం నుంచి నిమిషం పడుతుంది. అప్పుడు చీజ్‌ని గుప్పెడు గుప్పెడుగా చల్లుతూ, ముందు వేసింది కలిశాకే తర్వాతిది వేస్తూ తిప్పండి. కొత్త కుర్రాళ్లకి నేర్పేటప్పుడు ఈ అర నిమిషం ఆగమని చెప్పడమే కష్టం. ఎదురుగా ప్రింటర్ కిర్రుకిర్రుమంటూ ఆర్డర్ చీటీలు కక్కుతుంటే పొయ్యి కట్టేసి చేతులు కట్టుకుని నిలబడటం ఎవరికైనా తప్పు చేస్తున్నట్టే ఉంటుంది. ఇంట్లో ఆ తొందర లేదు కదా.

క్రీమ్ ఎంత చిక్కనిది అన్నది కూడా చూసుకోవాలి. హెవీ క్రీమ్ అని అమ్మేదానిలో కనీసం 36 శాతం కొవ్వు ఉంటుంది, అందుకే అది ఉడికినా విరగదు. పాలు గానీ, సగం పాలు సగం క్రీమ్ కలిపి అమ్మేది గానీ వాడితే కొవ్వు తక్కువ, ప్రోటీన్ ఎక్కువ, విరిగే అవకాశం ఎక్కువ. తేలికగా ఉంటుందని పాలతో చేసేవాళ్లను చూశాను. తేలిగ్గా తినాలంటే ఇదే సాస్‌ని సగం పోసుకోండి. పాలతో చేసినది ఈ వంటకం కాదు.

సంగతి వచ్చింది కనుక, మొదట్లో ఈ వంటకంలో క్రీమే లేదు. రోమ్‌లో ఆల్ఫ్రెడో డి లెలియో అనే ఆయన, 1908లో కాన్పయ్యాక నీరసపడిన భార్య కోసం బటర్, పర్మేసన్ బాగా దట్టించి చేశాడని ఆ కుటుంబం చెప్పే కథ. 1920లో హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ పెళ్లయిన కొత్తలో రోమ్ వెళ్లి అది తిని మురిసిపోయారు, తర్వాత ఆయనకు బంగారు ఫోర్కూ చెంచా పంపారు. అలా అమెరికా చేరిన వంటకంలోకి అక్కడ క్రీమ్, వెల్లుల్లి వచ్చి చేరాయి. ఇటలీలో ఇప్పటికీ ఈ పేరు చెబితే చాలామందికి తెలియదు, బటర్ పర్మేసన్ పాస్తా అంటే తెలుస్తుంది. క్రీమ్ రావడం నకిలీ అని ముక్కు విరిచేవాళ్లతో నేను ఏకీభవించను. ఉత్త బటర్, చీజ్‌తో చేసినది ఒక నిమిషం ఆలస్యమైతే విడిపోతుంది. క్రీమ్ ఉన్నది వంటగది నుంచి టేబుల్ దాకా ప్రయాణం తట్టుకుంటుంది. వందల మందికి వడ్డించే చోట అది తట్టుకోవడమే కావాలి.

చప్పదనం గురించి. సాస్‌లో ఉప్పు సరిగానే వేశానన్నారు. వేసే ఉంటారు. చప్పగా ఉన్నది సాస్ కాదు, పాస్తా. ఉడికేటప్పుడు లోపలికి ఉప్పు పట్టని పాస్తా మీద ఎంత ఉప్పటి సాస్ పోసినా నోట్లో రెండూ విడివిడిగానే తెలుస్తాయి. లీటరు నీళ్లకు పది గ్రాముల ఉప్పు, అంటే సుమారు రెండు చిన్న చెంచాలు వేయండి. ఎక్కువనిపిస్తుంది, కానీ అందులో చాలా భాగం నీళ్లతోపాటే పోతుంది.

దీనికి ఆలివ్ గార్డెన్ చరిత్రలోనే ఒక ముచ్చట ఉంది. 1982లో ఓర్లాండోలో మొదలైన ఆ చైన్ ఇప్పుడు డార్డెన్ అనే సంస్థ కింద ఉంది. ఆ సంస్థలో వాటాలున్న స్టార్‌బోర్డ్ వాల్యూ అనే పెట్టుబడి సంస్థ 2014 సెప్టెంబర్‌లో దాదాపు 300 పేజీల నివేదిక ఒకటి బయటపెట్టి, గిన్నెల వారంటీ కాలం పొడిగించుకోవడం కోసం పాస్తా నీళ్లలో ఉప్పు వేయడం మానేశారని ఎత్తిచూపింది. నవ్వులాట అయింది. అక్టోబర్‌లో వాటాదారులు డైరెక్టర్ల బోర్డునంతా మార్చేశారు. కారణాలు ఇంకా చాలా ఉన్నాయనుకోండి, కానీ జనానికి గుర్తుండిపోయింది ఉప్పే. చెంచాడు ఉప్పు తేడా బోర్డు మీటింగ్ దాకా వెళ్లిందంటే అది నాలుకకు ఎంత తెలుస్తుందో ఊహించుకోండి.

ఇంకో మాట. మాగిన పర్మేసన్‌లో గ్లుటమేట్ చాలా ఎక్కువ. నాలుకకు కమ్మదనం తెలిసేది దానివల్లే. ఉమామి అని పిలిచే ఆ కమ్మదనాన్ని జపాన్ శాస్త్రవేత్త ఇకెడా గుర్తించినది కూడా 1908లోనే కావడం కాకతాళీయం. రహస్య పొడి ఏదో కలుపుతున్నారని మీకు అనిపించడానికి కారణం ఇదే. ఆ పొడి చీజ్ లోపలే ఉంది. చీజ్ తగ్గించి ఆ లోటును ఉప్పుతో భర్తీ చేద్దామంటే కుదరదు.

అక్కడ ఏ ఊళ్లో తిన్నా ఒకే రుచి ఎలా వస్తుందని కూడా అడిగారు. వంటవాడి చేతి మహిమ వల్ల కాదు. వంటవాడు నిర్ణయించుకోవాల్సిన పని ఒకటీ మిగలకుండా చేయడం వల్ల. నేను పనిచేసిన చోట గోడకు ప్రతి వంటకం కార్డు ఉండేది, గ్రాములతో సహా. పాస్తా ముందే ముప్పావు వంతు ఉడికించి, చల్లార్చి, కాస్త నూనె పట్టించి, తూకం వేసి ఒక్కో ప్లేటుకు ఒక్కో సంచీ కట్టి పెట్టేవాళ్లం. ఆర్డర్ రాగానే జాలీ బుట్టలో వేసి మరిగే నీళ్లలో ఒక ముంచు, అంతే. సాస్ పొద్దున చేసి వేడి నీటి తొట్టిలో దించిన గిన్నెల్లో ఉంచేవాళ్లం. అమెరికా ఆహార నియమావళి ప్రకారం అలా ఉంచే పదార్థం 57 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడకూడదు. వేడి మరీ పెరిగితే విడిపోతుంది. అందుకే ప్రతి గంటకూ థర్మామీటర్ గుచ్చి కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. పోసే గరిటె కూడా కొలతదే. సాస్ గరిటెతో సూప్ తీస్తే మేనేజర్ ఊరుకునేవాడు కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, దీనిలో మీరు ఇంట్లో చేయాల్సింది ఒక్కటే: త్రాసు వాడటం. చూపుమేర వేస్తే ఒక్కోసారి ఒక్కో రుచి వస్తుంది. సంచీల్లో కట్టడం, గంటల తరబడి వేడిగా ఉంచడం వాళ్ల అవసరం, మీకు అక్కర్లేదు.

ఇద్దరికి నేను ఇంట్లో చేసుకునే లెక్క చెబుతాను. ఫెట్టుచీని 200 గ్రాములు, హెవీ క్రీమ్ 240 మిల్లీలీటర్లు, బటర్ 60 గ్రాములు, పర్మేసన్ 100 గ్రాములు, చిన్న వెల్లుల్లి రెబ్బ ఒకటి. లీటరున్నర నీళ్లు చాలు. పుస్తకాల్లో రెండు లీటర్లంటారు, కానీ నీళ్లు తక్కువైతే పాస్తా నుంచి దిగే స్టార్చ్ చిక్కగా ఉంటుంది, అది మనకు కావాలి. పాకెట్ మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే తీసి చూడండి, కొరికితే లోపల కాస్త పలుకు తగలాలి. వార్చేముందు ఒక గ్లాసు ఉడికిన నీళ్లు తప్పకుండా పక్కకు తీసుకోండి.

పాస్తా ఉడుకుతుండగానే వెడల్పు పాన్‌లో సన్న సెగ మీద బటర్ కరిగించి, నలిపిన వెల్లుల్లి వేసి వాసన రాగానే క్రీమ్ పోయండి. వెల్లుల్లి రంగు మారకూడదు, మారితే చేదు వచ్చి సాస్ అంతా పాడవుతుంది. నాలుగైదు నిమిషాలు చిన్న బుడగలతో ఉడకనివ్వండి. గరిటె ముంచి తీసి, వెనకవైపు వేలితో గీత గీయండి. గీత రెండు వైపులా సాస్ జారి కలిసిపోతే ఇంకా కాలేదు. గీత అలాగే నిలిస్తే అయింది. పొయ్యి కట్టేయండి. ఆగండి. చీజ్ కలపండి. పాస్తా వేసి, పక్కన పెట్టిన నీళ్లు రెండు మూడు చెంచాలు పోసి పటకారుతో ఎత్తి ఎత్తి తిప్పండి. పాన్‌లో ఉండగా మీకు కొంచెం పలుచగా అనిపించాలి, ఎందుకంటే కంచంలోకి వెళ్లాక ఒక్క నిమిషంలోనే చిక్కబడుతుంది. పాన్‌లోనే సరిగ్గా ఉందనిపిస్తే తినేటప్పటికి ముద్ద అవుతుంది. మిరియాలు పైన. ఉప్పు చివర్లో రుచి చూశాకే, చీజ్‌లో ఎలాగూ ఉంటుంది.

అయినా విరిగిందా? ఉండలు చిన్నవైతే పొయ్యి మీంచి దించి, ఆ స్టార్చ్ నీళ్లు వేడివేడిగా చెంచాడు చెంచాడు పోస్తూ గట్టిగా గిలక్కొట్టండి, కొంతవరకు కలిసివస్తుంది. బంక ముద్దలైతే వదిలేయండి.

సాస్ విరగకుండా మైదా గానీ క్రీమ్ చీజ్ గానీ కలపమని చెప్పే వంటకాలు మీకు బోలెడు కనిపిస్తాయి. అవి పనిచేస్తాయి, కాదనను. మైదాలోని స్టార్చ్ చీజ్ ప్రోటీన్‌ని ముద్ద కట్టనివ్వదు. క్రీమ్ చీజ్‌లో సాధారణంగా చిక్కబరిచే గమ్ (జిగురు పదార్థం) కలిపి ఉంటుంది, అదీ సాస్‌ని పట్టి ఉంచుతుంది. ఇరవై మందికి చేసి గంటసేపు వేడిగా ఉంచాలంటే నేనూ చెంచాడు మైదా వేస్తాను. ఇద్దరు ముగ్గురికి వద్దు. మైదా రుచిని మూసేస్తుంది, క్రీమ్ చీజ్ పులుపు తెస్తుంది. మీరు వెతుకుతున్న రుచి ఆ రెండూ కాదు. చికెన్, రొయ్యలు వేసుకునేవాళ్లు విడిగా వేయించి చివర పైన పెట్టుకోండి, వాటి నీరు సాస్‌లో దిగనివ్వకండి.

ఆ రెస్టారెంట్ ప్లేటు ఒక్కటే వెయ్యి క్యాలరీలు దాటుతుంది. 20 లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్న చైన్లు క్యాలరీలు మెనూలో చూపించాలని అమెరికాలో 2018 మే నుంచి నిబంధన ఉంది, చూసే తింటున్నారనుకుంటున్నాను. పై కొలత కూడా తక్కువేమీ కాదు, వారం వారం చేసుకునేది మాత్రం కాదు.

చివరగా ప్యాకింగ్. బటర్ కొవ్వు 35 డిగ్రీల దిగువకు వస్తే గడ్డకట్టడం మొదలవుతుంది, చల్లారే కొద్దీ స్టార్చ్ కూడా బిగుస్తుంది, ఈలోగా పాస్తా సాస్‌లోని నీటిని పీల్చేస్తూ ఉంటుంది. డబ్బాలో ఇరవై నిమిషాలు ప్రయాణిస్తే ముద్ద కాక ఏమవుతుంది? సాస్ విడిగా కట్టమని అడగండి. బ్రెడ్‌స్టిక్స్‌తో ముంచుకోవడానికి అదే సాస్ అక్కడ విడిగానూ అమ్ముతారు, అది ఒకటి అదనంగా తెచ్చుకోవడం నయం. కలిపేసి ఉంటే పాన్‌లో వేసి, మూడు నాలుగు చెంచాల పాలు పోసి, మూత పెట్టి, అతి సన్న సెగ మీద వేడిచేయండి, మధ్యమధ్య కలుపుతూ. మైక్రోవేవ్ అయితే సగం పవర్ మీద, అర నిమిషానికోసారి తీసి కలుపుతూ. ఫుల్ పవర్ మీద పెడితే అంచుల్లో నూనె తేలి, మధ్యలో చల్లగానే ఉంటుంది. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి, మూడు రోజుల్లో తినేయాలి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. కరిగాక క్రీమ్ విడిపోతుంది, దాన్ని మళ్లీ కలిపే ఉపాయం నా దగ్గరా లేదు.